రాత్రికి ఎక్కడ?

పీణ్య రెండో స్టేజి,
బెంగళూరు.

ప్రియమైన పాఠకులకు,

కిందటి ఉత్తరంలో బండి తయారవుతోందని రాసి వదిలేశాను. దానికి మీరు రాసిన జవాబుల్లో రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ కనిపించాయి. ఒకటి "ఒక్కరేనా?", రెండోది "నార్వే ఎప్పుడు?" మొదటిది నాకు అలవాటైపోయింది. టోల్‌గేటు పిల్లవాడి నుంచి ఇడ్లీ బండి ఆవిడ దాకా అందరూ అడిగేదే. రెండోదానికి మాత్రం కాస్త తీరిగ్గా జవాబు చెప్పాలి. అక్కడ వ్యానులో పడుకుని, పొద్దున్నే కొండెక్కి, సాయంత్రం ఫియోర్డు ఒడ్డున కాఫీ కాచుకునే వాళ్ల వీడియోలు మీరూ చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. ఆ వీడియోల్లో ఎవరూ చూపించని సంగతి ఒకటుంది. ఈ ఉత్తరమంతా దాని గురించే.

ముందు బండి కబురు. పీణ్యలో ఉంటూ బండికి మంచం చేయించుకోవడానికి ఇంకో పేటకు వెళ్తే నలుగురూ నవ్వుతారు. లేతులు, ప్రెస్సులు, సీఎన్‌సీ మిషన్లు, పౌడర్ కోటింగ్ షెడ్లు... 1970ల్లో చిన్న పరిశ్రమల కోసం వేసిన ఈ పారిశ్రామికవాడలో ఇనుముతో చేయించుకోలేనిది ఏమీ లేదు. నాకు దొరికిన ఫ్యాబ్రికేషన్ మేస్త్రిది మడకశిర వైపు. కన్నడంలో బేరం మొదలుపెట్టి, నా మాట తీరు విని తెలుగులోకి దిగాడు.

"మంచమా అక్కా? బండిలోనా?"

"అవును."

"అంబులెన్సుకా?"

"కాదయ్యా, నేను పడుకోవడానికి."

టేపు చేతిలో పట్టుకుని కాసేపు నా వంక చూశాడు. ఇంట్లో ఏమైనా గొడవా అని నోటితో అడగలేదు గానీ, మొహం మీద ఆ ప్రశ్న ఉంది. ఆ తర్వాత మాత్రం పనిలో పడిపోయాడు. బండి ఒంటికి ఎక్కడా రంధ్రం పడకూడదు, వెల్డింగు తగలకూడదు అన్నది నా షరతు. అది చాదస్తం కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అసలు కారవాన్‌గానే రిజిస్టరు చేయించాలంటే దానికి ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది, ఆ ఖర్చూ వేరు. నా పాత చిన్న వ్యానుకు అంత భాగ్యం లేదు. అందుకని ఉన్న సీటు బోల్టులకే క్లాంపులు పట్టించి, పైన మూడు ముక్కల మడత మంచం వేశాడు. స్పానరు ఉంటే పది నిమిషాల్లో ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు.

పని అయిపోయాక అతను చేసిన పని ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. చదరపు పైపు అంచులన్నీ ఆకురాయితో మరోసారి రుద్ది, కళ్లు మూసుకుని అరచేత్తో మంచం చుట్టూ తడుముతూ వచ్చాడు. ఎందుకయ్యా అంటే, "రాత్రిపూట సీకట్లో సెయ్యి తగుల్తాది గదక్కా, కోసుకుంటాది" అన్నాడు. బండిలో పడుకునేవాళ్లు చేసే పనుల్లో సగం చీకట్లో తడుముకుంటూ చేసేవే. అతను ఏనాడూ అలా పడుకుని ఉండడు. అయినా అతనికి తెలిసింది.

ఒక హెచ్చరిక. స్టవ్వు బండి లోపల వెలిగించకండి, వాన కొడుతున్నా సరే. మూసిన బండిలో గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. నిద్రమత్తే అనుకుంటాం. నేను వెనక తలుపు ఎత్తి, నేలమీదే కాచుకుంటాను. పడుకునేటప్పుడు రెండు అద్దాలు వేలెడంత దించి దోమతెర బిగిస్తాను. చలికాలమైనా ఇంతే.

బయలుదేరేటప్పుడు పీణ్య ఫ్లైఓవర్ ఎక్కాను. ఈ ఫ్లైఓవర్ కథ మీకు చాలాసార్లు రాశాను. 2021 డిసెంబరు చివర్లో లోపలి కేబుళ్లు పాడయ్యాయని మూసేశారు. చిన్న బండ్లను రెండు నెలల్లోనే వదిలారు గానీ లారీలు మళ్లీ పైకెక్కడానికి 2024 దాకా పట్టింది. కింద తుమకూరు రోడ్డు మీద లారీల మధ్య రెండేళ్లకు పైగా నలిగిన మాలాంటి వాళ్లకు ఆ పైదారి ఎక్కడమే ఒక విహారయాత్ర. అక్కడి నుంచి నెలమంగల, నెలమంగల దగ్గర ఎడమకు తిరిగితే కుణిగల్, హాసన్, సకలేశ్‌పుర. పీణ్య నుంచి పడమటి కనుమలకు ఇంత సూటి దారి ఉండడం మా పేట చేసుకున్న పుణ్యం.

ఇక వీడియోలు చూపించని సంగతికి వస్తాను. సాయంత్రం నాలుగున్నర దాటిందంటే బండిలో తిరిగేవాళ్ల తలలో ఒకటే ప్రశ్న మొదలవుతుంది: రాత్రికి ఎక్కడ? కొండ, లోయ, సూర్యాస్తమయం అన్నీ ఆ ప్రశ్న వెనక్కి పోతాయి. చీకటి పడ్డాక చోటు వెతుక్కోకూడదు. వెలుగుండగానే చేరుకోవాలి. చేరుకుని అడగాలి. హాసన్ దాటాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపాను. ముందు నూనె పోయించుకోవాలి, తర్వాత టీ తాగాలి, ఆ తర్వాతే అడగాలి. వరస తప్పితే పని జరగదు. మేనేజరు నన్ను చూశాడు, బండి చూశాడు, "ఒబ్బరేనా?" అన్నాడు. అవునన్నాను. లారీల వరసలో కాకుండా ఆఫీసు గది ముందు, దీపం కింద పెట్టుకోమన్నాడు. బాత్‌రూము తాళంచెవి నా చేతికిచ్చాడు. తెల్లవారుజామున అయిదింటికి కడప లారీ డ్రైవరొకాయన అద్దం మీద తట్టి, "చాయ్ పెట్టినారమ్మా, తాగుతారా?" అన్నాడు. రాత్రంతా నా బండి చుట్టూ ఎవరెవరు తిరిగారో ఆయన దగ్గర పూర్తి వివరం ఉంది. నేను కాపలా పెట్టలేదు, ఆయనే పెట్టుకున్నాడు.

నార్వేలో ఈ తిప్పలుండవు కదా అంటారు మీరు. సగం నిజం. అక్కడ 1957 నుంచి ఒక చట్టం ఉంది. సాగులో లేని నేల ఎవరిదైనా సరే, దాని మీద ఎవరైనా నడవొచ్చు, ఇళ్లకు 150 మీటర్ల దూరంలో డేరా వేసుకుని రెండు రాత్రులు అడక్కుండా పడుకోవచ్చు. వినడానికి ఎంత బాగుందో! అయితే ఆ హక్కు కాళ్లకే గాని చక్రాలకు కాదు. బండిని రోడ్డు దించి బయలులోకి తోలడాన్ని 1977 నాటి మరో చట్టం ఆపుతుంది. అంటే అక్కడి వ్యాను వాళ్లకూ సాయంత్రమయ్యేసరికి నా ప్రశ్నే. వాళ్లు బోర్డు చదివి తెలుసుకుంటారు, నేను మనిషిని అడిగి తెలుసుకుంటాను. నాకు మనిషే నయం. బోర్డు చాయ్ ఇవ్వదు.

మళ్లీ నా ప్రయాణానికి వస్తే, కుక్కె సుబ్రహ్మణ్య చేరాక ఒక లాడ్జివాళ్ల ఆవరణలో బండి పెట్టి, స్నానానికి మాత్రం డబ్బు కట్టాను. యాత్రాస్థలాల్లో ఇది తేలిక. మనుషులు రాత్రిళ్లు వచ్చి దిగడం వాళ్లకు కొత్త కాదు. పొద్దున కుమారపర్వతం. ఎత్తు 1,712 మీటర్లు. కర్ణాటకలో దీనికన్నా ఎత్తయిన కొండలున్నాయి. ముళ్లయ్యనగిరి 1,930 మీటర్లు, కానీ దాని నెత్తి దగ్గరదాకా రోడ్డే పోతుంది. ఇక్కడ మాత్రం కొండ పాదంలో ఉన్న ఊళ్లోంచి మొదలుపెట్టి పదిహేను వందల మీటర్లకు పైగా కాళ్లతోనే ఎక్కాలి. ముందు దట్టమైన అడవి, అది దాటితే గిరిగద్దె, ఆపైన గడ్డి తప్ప నీడనిచ్చే చెట్టు లేని వెన్ను. కల్లు మంటపం దగ్గర కూర్చుని నీళ్లు తాగితే, ఇంకా ఎక్కాల్సింది ఉందని అర్థమవుతుంది.

2024 జనవరిలో గణతంత్ర దినోత్సవం సెలవులకు ఈ కొండ మీదికి జనం చీమలబారులా ఎక్కిన ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఆ తర్వాత అటవీశాఖ పట్టు బిగించింది. ఇప్పుడు 'అరణ్య విహార' వెబ్‌సైటులో ముందే టికెట్టు తీసుకోవాలి, దారికి రోజుకు ఇంతమంది అని లెక్క ఉంది, శిఖరం మీద రాత్రి డేరా వేయడం కుదరదు. వేసవి మంటల కాలంలోనూ, వానల్లోనూ దారి మూసేస్తారు. ఎవరెన్ని తిట్టుకున్నా నేను దీనికి అటవీశాఖ పక్షమే. ఒంటరిగా వెళ్లే ఆడమనిషికి ఇది ఇంకా మేలు. నా పేరు ఒక పట్టీలో ఉంది, సాయంత్రానికి నేను దిగకపోతే అడిగేవాళ్లున్నారు.

బండిలో ఒంటరిగా తిరుగుతాను గానీ కొండ ఒంటరిగా ఎక్కను. ఇందులో నాకు రెండో మాట లేదు. చెక్‌పోస్టు దగ్గర నలుగురు కుర్రాళ్లు కలిశారు. మారతహళ్లిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు, ఇద్దరిది గుంటూరు, ఒకడిది ఖమ్మం, ఒకడు తమిళుడు. "ఆంటీ, మీరు మాతో వచ్చేయండి" అన్నారు. ఆంటీ అన్నందుకు మనసు చివుక్కుమన్నా వెంటపడి వెళ్లాను. శిఖరానికి ముందున్న శేషపర్వతం చేరేసరికి పడమటి నుంచి మబ్బు లేచి కాళ్ల కింది దారిని మింగేసింది. పది అడుగుల ముందున్న ఖమ్మం పిల్లవాడి ఎర్ర సంచి కూడా కనిపించలేదు. మాతో వచ్చిన గైడు రాతి మీద కూర్చుని బీడీ తీశాడు. వెలిగించలేదు, ఊరికే వేళ్ల మధ్య తిప్పుతూ కొండ వైపు చూశాడు. అరగంట చూసి, ఇక దిగుదాం అన్నాడు. కుర్రాళ్లు బతిమాలారు, ఇంకెంత, అదిగో కదా అని. "అదిగో" అన్న వైపు ఏమీ లేదు, తెల్లటి గోడ తప్ప. దిగాం. శిఖరం చూడలేదు. మళ్లీ టికెట్టు తీసుకుంటాను.

నార్వేజియన్ల దగ్గర నేను తెచ్చుకోదగింది ఏదైనా ఉంటే అది ఫియోర్డు కాదు, వాళ్ల కొండ నియమాలు. 1967 ఈస్టర్ సెలవుల్లో కొండల్లో చాలామంది చనిపోయాక అక్కడి ట్రెక్కింగ్ సంఘం, రెడ్‌క్రాస్ కలిసి వాటిని ఇంటింటికీ చేర్చాయి. తొమ్మిది నియమాలు. వెళ్లే దారి ఎవరికైనా చెప్పి వెళ్లమంటాయి, వేళ మించకుండా వెనక్కి తిరగమంటాయి, తిరిగినందుకు సిగ్గుపడక్కర్లేదంటాయి. బళ్లో పిల్లలకు సైతం తెలిసిన మాటలట.

మన తెలుగువాళ్లలో ఒంటరి పర్వతారోహణ అనగానే నాకు గుర్తొచ్చేది మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా సంగం దగ్గర గాంధీ జనసంగం నుంచి వచ్చినవాడు. కోరుకొండ సైనిక్ స్కూలు, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం చదువులు చదివి, ఆ దారిలో వచ్చే ఉద్యోగాలు వదిలి, 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ శిఖరం మీదికి ఒక్కడే బయలుదేరాడు. వాతావరణం తిరగబడింది. ఏప్రిల్ మొదటివారంలో ఆయన దేహం దొరికింది. ఆయన నైపుణ్యంలో వందోవంతు కూడా లేని నేను ఆ దారిని తప్పుపట్టే ధైర్యం చేయను. కానీ ఒంటరిగా కొండలెక్కుతానని నాకు ఉత్తరం రాసే పిల్లలకు ఆయన ఏడు శిఖరాల సంగతితో పాటు ఆ మార్చి నెల సంగతీ చెబుతాను.

కొండ దిగి సముద్రం వైపు పోయాను. ఉడుపి దాటి మరవంతె దగ్గర రోడ్డుకు ఒక పక్క అరేబియా సముద్రం, మరో పక్క సౌపర్ణికా నది. అందరూ అక్కడ ఆగి ఫొటో తీసుకుంటారు, నేనూ తీసుకున్నాను. నేను వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం ఇంకా పైన, కుమటా దగ్గరి అఘనాశిని. శిరసి వైపు కనుమల్లో పుట్టి నూట పాతిక కిలోమీటర్లు కూడా లేకుండానే సముద్రంలో కలిసిపోతుంది. ఎక్కడా ఆనకట్ట లేదు. పక్కనున్న శరావతికి 1964 నుంచీ లింగనమక్కి కట్ట ఉంది, అటు కాళీనదికీ కట్టలున్నాయి. ఇది మాత్రం వదిలేసినట్టు మిగిలింది.

"నార్వే ఎప్పుడు" అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఈ ఏటి ఒడ్డున దొరికింది. ఫియోర్డు అంటే మంచు చెక్కిన లోయ. కిలోమీటరు మందాన ఉన్న హిమానీనదం కొండను సముద్రమట్టానికీ దిగువదాకా గీరుకుంటూ పోతుంది. మంచు కరిగాక ఆ గాడిలోకి సముద్రం వచ్చి కూర్చుంటుంది. సోగ్నె ఫియోర్డు పొడవు రెండు వందల కిలోమీటర్లకు పైనే, లోతు 1,300 మీటర్లు. సముద్రాన్ని తాకే ముఖద్వారం దగ్గర మాత్రం లోతు బాగా తక్కువ, మంచు చివర్లో అక్కడ అంతగా తవ్వలేకపోయింది. మన పడమటి తీరంలో మంచు ఎప్పుడూ అలా కదల్లేదు కాబట్టి ఫియోర్డు పుట్టే దారి లేదు. మన కనుమల గోడ దానికన్నా ఎంతో పాతది, మడగాస్కర్ మననుంచి విడిపోయిన రోజులది, తొమ్మిది కోట్ల ఏళ్లనాటి మాట. అయితే ఆ ఉత్తరాది మంచు కరిగినప్పుడు ఆ నీళ్లు ఉత్తరాదిలోనే ఉండిపోలేదు. ప్రపంచమంతటా సముద్రం దాదాపు 120 మీటర్లు లేచింది. మన పడమటి తీరపు నదుల నోళ్లన్నీ అప్పుడే మునిగాయి. అఘనాశిని ముఖద్వారం దగ్గర ఊళ్ల మధ్యదాకా వచ్చి పరుచుకున్న ఆ ఉప్పునీరు, గైరాంగెర్‌లో ఓడలు తిరిగే నీరు ఒకే వరదలో వచ్చినవి. అక్కడ గోడల మధ్య నిలువుగా నిలబడింది, ఇక్కడ పడుకుంది, అంతే.

తదడి రేవులో బల్లకట్టు లాంటి పడవ ఉంది. మోటారు సైకిళ్లు ఎక్కించుకుని అవతల అఘనాశిని ఊరికి చేరుస్తుంది. నా బండి ఎక్కదు కాబట్టి ఒడ్డునే వదిలి మనిషిని వెళ్లాను. పోటు తీసి ఏరు బక్కచిక్కిన వేళ. నడుములోతు నీళ్లలో ఆడవాళ్లు నిలబడి పాదాలతో బురద వెతుకుతున్నారు. కాలికి గుల్ల తగలగానే వంగి, మునిగి, తీసి, నడుముకు కట్టుకున్న వల సంచిలో వేసుకుంటారు. సంచి నిండితే పక్కన తేలుతున్న ప్లాస్టిక్ టబ్బులోకి. టబ్బుకు కట్టిన తాడు కొస నడుముకే ఉంటుంది, ఏటి వాలుకు కొట్టుకుపోకుండా. ఒకావిడ ఒడ్డుకొచ్చి టబ్బు దించి, నన్ను చూసి కన్నడంలో అడిగింది, ఎక్కడినుంచి అని. బెంగళూరు అన్నాను. "ఒబ్బరే బందిరా?" అంది. అనుకున్నదే. పడుకునేది ఎక్కడ అని అడిగింది తర్వాత. బండిలో అని చెబితే నమ్మలేదు. పడవ మీద నాతో తిరిగొచ్చి, బండి తలుపు తీయించి, మంచం చూసి, అంచు మీద చెయ్యి ఆనించి చూసి, సరేనన్నట్టు తలూపింది. ఆ రాత్రి వాళ్ల బంధువుల ఇంటి వాకిట్లో బండి పెట్టించింది. గుల్లల పులుసు, ఎర్ర అన్నం పంపించింది. ఆ అన్నం కగ్గ బియ్యంది. ఉప్పునీళ్లు పోటెత్తే గజని నేలల్లో పండే వడ్లు, నీళ్లలో మునిగినా బతికే రకం. ముద్దలో చిన్న మొరటుదనం ఉంది, పులుసు పట్టుకోవడానికి అది పనికొచ్చింది.

ఇక మనవైపు. పాపికొండలను మన ఫియోర్డు అనవచ్చా అని రాజమండ్రి నుంచి ఒకరు రాశారు. చూపుకు అనవచ్చు. రెండు పక్కలా కొండలు లేచి, మధ్య గోదావరి ఒదిగి పోయే ఆ చోటు పడవలోంచి చూస్తే పోలిక తోచకమానదు. కానీ దాన్ని చెక్కింది మంచు కాదు, తూర్పు కనుమలను కోసుకుంటూ పోయిన నది. అదీ కాక అక్కడికి బండి పోదు. రాజమండ్రి వైపు నుంచైతే పోచమ్మగండి దగ్గర లాంచీ ఎక్కాల్సిందే, పేరంటపల్లి దాకా నీటిదారే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన తర్వాత కొన్నాళ్లు అంతా ఆగిపోయింది. మళ్లీ మొదలయ్యాక లైఫ్ జాకెట్టు వేసుకోకుండా ఎవరినీ ఎక్కనివ్వకూడదన్నారు. ఆ జాకెట్టు ఫొటోకు అడ్డమని విప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ ప్రయాణంలో నా వెంట ఒక పుస్తకం ఉంది, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారి పొడుగునా రాసుకున్నది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చాడు, ఆయన దాన్ని 1838లో అచ్చువేయించాడు. వీరాస్వామయ్యకు పల్లకీ ఉంది, బోయీలున్నారు, డేరాలున్నాయి, వెంట పెద్ద పరివారం ఉంది. అయినా మజిలీ మజిలీకీ ఆయన రాసుకున్నది ఇదే: దిగడానికి చోటుందా, నీళ్లున్నాయా, సరుకులు దొరుకుతాయా, దారి ఎలా ఉంది. క్షేత్రాల వర్ణన చదివే వాళ్లు ఈ వాక్యాలు దాటేస్తారు. నేను వాటి కోసమే చదివాను. అంత పరివారంతో వెళ్లినాయనకైనా దారిలో దొరికే మనుషుల మీద ఆధారపడక తప్పలేదు. ఒక్కదాన్నే వెళ్లిన నాకు అలాంటివాళ్లు ఇంకా ఎక్కువమంది కావాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్న వారమంతా నేను ఇంతమందితో మాట్లాడను.

కాబట్టి నార్వే ఇప్పట్లో లేదు. డబ్బు సంగతి అటుంచితే, అఘనాశిని ఎగువన నడవాల్సింది ఇంకా చాలా ఉంది, కుమారపర్వతం బాకీ ఉంది. ఆ తర్వాత బండిని తూర్పుకు తిప్పాలని ఆలోచన. గండికోట, అక్కడి నుంచి శ్రీశైలం అడవి అంచున, వీలైతే మారేడుమిల్లి దాకా. దానికి మీ సాయం కావాలి. ఆ దారుల్లో మీ ఊరుంటే, రాత్రి బండి ఆపుకోదగిన చోటు ఒకటి రాయండి. సత్రం, గుడి ఆవరణ, బంకు, బడి ఏదైనా పర్లేదు. చూడదగిన ప్రదేశాల పేర్లు వద్దు, అవి నాకు తెలుసు. దీపం ఉందా, బోరింగు ఉందా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, ఎవరిని అడగాలి, ఈ నాలుగు రాస్తే చాలు. ఎవరిని అడగాలో రాసేటప్పుడు మాత్రం ముందు వాళ్లకు ఒక మాట చెప్పండి. లేకపోతే వాళ్లూ అదే అడుగుతారు, ఒక్కరేనా అని.

ఉంటాను,
మీ
పీణ్య స్నేహితురాలు